మామ పొలంలో పోయిన కోట్ల ఏళ్లు

ఆ రోజుల్లో నాకు భూమి పుట్టుక మొత్తం అరచేతిలో ఉన్నట్టు ఉండేది. ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను మరి. ఆ చదువు నేను కోరి తెచ్చుకున్నదేం కాదు. కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి కెమిస్ట్రీ సీట్లు అయిపోయాయి, కంప్యూటర్ సీట్లు అయిపోయాయి, రాళ్లు మిగిలాయి. మా ఆర్మూర్‌లో రాళ్లకు కరువా? ఊరిని ఆనుకొని గుట్ట, గుట్ట నిండా ఎవరో తీరిగ్గా పేర్చి పోయినట్టు నల్లటి గుండ్లు. ‘గుట్ట మీద పుక్కట్ల దొరికే రాళ్లకు ఫీజు గట్టి చదువుడేందే’ అని మొదట అన్నది మా అమ్మే. మార్కెట్ యార్డు పక్కన మా నాన్నకు గోనెసంచుల దుకాణం ఉండేది. పసుపు అమ్మకానికి వచ్చిన రైతులు సంచుల కోసం ఆగితే, నాన్న నన్ను చూపించి ‘మా బిడ్డ భూమిని చదువుతుంది’ అని చెప్పేవాడు. వాళ్లు వెంటనే బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చూడమనేవాళ్లు. అది నాకింకా నేర్పలేదంటే, మరేం నేర్పుతున్నారు బిడ్డా అని జాలిపడేవాళ్లు. సెలవులకు వచ్చినప్పుడల్లా భుజాన సంచీ, అందులోంచి బయటికి తల పెట్టిన సుత్తె. యార్డు హమాలీలు నాకు సుత్తె మేడం అని పేరు పెట్టారు. (పెట్టినవాళ్లకు ఏ చెడు ఉద్దేశమూ లేదు. నేనే కొంచెం గర్వపడ్డాను.)

రెండో ఏడాదిలో తలా ఒక చోటు ఎంచుకొని, అక్కడి రాళ్లు చూసి ప్రాజెక్టు రాయాలి. అది లేకపోతే డిగ్రీ లేదు. క్లాసులో తక్కినవాళ్లంతా గోదావరి అవతల బొగ్గు గనుల వైపు క్యాంపుకు పోతున్నారు, నెలల తరబడి అక్కడే ఉండాలి. మా నాన్న ఒప్పుకోలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు, కోప్పడితే ఎదురు చెప్పొచ్చు. సంచులు లెక్కపెట్టేటప్పటి గొంతుతోనే, పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరే పనైతే చెయ్యమని, లేదంటే ఇప్పటిదాకా చదివింది చాలని చెప్పాడు. మా గైడ్ మేడం దగ్గరికి పోయి గోడు వెళ్లబోసుకుంటే ఆవిడా అంతే నిమ్మళంగా, మీ ఊరి చుట్టూ ఉన్నది గ్రానైటే, దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు, కొత్తగా ఏదైనా చూపిస్తే చూద్దాం, లేకపోతే క్యాంపుకు రావాల్సిందే అన్నారు. అంటే ఆర్మూర్ నుంచి మాపటికి ఇల్లు చేరేంత దూరంలో, ఇంతవరకూ ఎవరి కంటా పడని భూగర్భ రహస్యం ఒకటి నాకు అర్జెంటుగా కావాలి. లేకపోతే నా చదువుకు అదే ఆఖరు.

అదిగో, అప్పుడు మా మామ పొలంలో కుంట తవ్వించాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. మాక్లూర్ పోయే తోవలో వాళ్ల ఊరు, ఊరి పక్కనే పొలం. వానాకాలం నీళ్లు ఆపుకొని పసుపుకు పెట్టుకుందామని పొలం మూలన జేసీబీతో పెద్ద గుంత తీయించాడు. సెలవుల్లో అక్కడికి పోయి ఊరికే గట్టు మీద నిలబడ్డ నాకు, గుంత గోడ చూడగానే గుండె ఆగినంత పనైంది. అడుగున మొరం, అంటే మన గ్రానైటే ఎండకు వానకు పుచ్చిపోయి పొడిపొడిగా అయింది. దాని మీద బూడిదరంగు పొర, సన్నటి గీతలు గీతలుగా, అక్కడక్కడా పసుపుపచ్చటి చారలు. దాని పైన పలచటి ఎర్రమట్టి పట్టీ. మళ్లీ బూడిద. అన్నిటికీ పైన నల్లటి జిగురుమట్టి, మట్టి నిండా తెల్లటి నత్తగుల్లలు. కిందికి దిగి చెయ్యి పెట్టి చూశాను. గ్రానైటు మీద పొరలు! మా ఊరి చుట్టుపక్కల ఎవరూ చూడనిది! నాకప్పుడు క్లాసులో చెప్పినదంతా వరసగా గుర్తొచ్చింది. డైనోసార్ల చివరి రోజుల్లో మనకు పడమరన నేల చీలి లావా పారింది. పొంగుకూ పొంగుకూ మధ్య తెరిపి దొరికినప్పుడు చెరువులు కట్టాయి, ఆ చెరువుల్లో నత్తలు బతికాయి. ఇదే అది. బూడిద అగ్నిపర్వతానిది, నల్లమట్టి ఆనాటి చెరువుది. నిర్ధారణ అంతా నిలబడ్డ చోటే అయిపోయింది.

వీటికి మించిన సంగతి ఇంకోటి ఉంది. ఆ మొరం వయసు రమారమి రెండువందల యాభై కోట్ల ఏళ్లు. పైన బూడిద, నా లెక్క ప్రకారం, ఆరున్నర కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి, నడుమ వేలు దూర్చే సందు లేదు. మరి ఆ మధ్యనున్న రెండువందల నలభై పైచిలుకు కోట్ల ఏళ్లు ఎక్కడికి పోయాయి? దీన్ని మేం అన్‌కన్‌ఫార్మిటీ అనేవాళ్లం. రాళ్లు రాసుకున్న చరిత్రలో చిరిగిపోయిన పేజీలు అన్నమాట. ఆ రోజు సాయంత్రం దుకాణంలో నాన్నకు ఇదంతా చెప్పడానికి నానా తిప్పలు పడ్డాను. చివరికి ఆయన కూర్చున్న చోటనే ఉదాహరణ దొరికింది. సంచుల కట్టలు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. అన్నిటికంటే అడుగు కట్ట ఎప్పటిదో, ఎవరూ కదపరు. దాని పైవి వచ్చినట్టే వచ్చి అమ్ముడుపోతాయి. ఆ ఖాళీలో నిన్న వచ్చిన కట్ట వేస్తాం. కొత్తగా వచ్చిన మనిషి చూస్తే పాత కట్ట, దాని మీద కొత్త కట్ట, మధ్యలో ఈ దుకాణానికి సరుకే రాలేదనుకుంటాడు. సరుకు నిజంగానే రాకపోయి ఉండొచ్చు, వచ్చి పోయి ఉండొచ్చు. రాళ్లూ అంతే. నేల పల్లమై నీళ్లు నిలిస్తే బురద, ఇసుక చేరి పొర పడుతుంది. నేల పైకి లేస్తే పొర పడదు సరికదా, పడ్డ పొరలను వాన, గాలి, ఏర్లు గీకి పట్టుకుపోతాయి. ఒక్కోసారి కుప్ప మొత్తం ఒరిగి, పైభాగం చదునయ్యాక దాని మీద మళ్లీ కొత్త పొరలు పడతాయి. నాన్న అంతా విని, అడుగు కట్టను ఒకసారి చేత్తో తట్టి, ‘అంటే అమ్ముడువోయింది’ అన్నాడు. అంతే, అంతకంటే బాగా మా ప్రొఫెసర్లు కూడా చెప్పలేదు.

ఊపులో ఉన్నాను కదా, ఇంకో మెట్టు ఎక్కాను. మన గుట్ట రాయి నేల మీద పుట్టింది కాదు నాన్నా, భూమి లోపల కిలోమీటర్ల లోతున మెల్లగా చల్లారి గట్టిపడింది, అది ఇవాళ మనకు ఆకాశంలో కనిపిస్తున్నదంటే దాని మీదున్నదంతా కొట్టుకుపోయిందన్నమాట అని చెప్పాను. నిజంగా నిజమే ఇది, నేను ఆ నెలలో చెప్పిన నిజాల్లో మొదటిదీ ఆఖరిదీ. కానీ దుకాణంలో సంచులు కొంటున్న పెద్దమనిషి ఒకాయన బయటికి పోయి గుట్ట వైపు అనుమానంగా చూశాడు. అక్కడి నుంచి మాట యార్డుకు పాకింది. ఫలానా ఆయన బామ్మర్ది పొలంలో కోట్ల ఏండ్లు మాయమైనయట అని ఒకరు, దొరికినయట అని ఇంకొకరు. కోట్లు అనేది ఒక్కటి మాత్రం అందరి నోట్లో సరిగ్గా నిలిచింది. మామ పొలానికి చూడ్డానికి జనం రావడం మొదలైంది. మామకు మొదట గర్వం, తరువాత భయం. సర్కారోళ్లు వచ్చి పొలానికి కంచె కొడతరేమో జర అడుగు బిడ్డ అని నాకు ఫోన్ చేశాడు. అంత పని జరగదని ధైర్యం చెప్పాను గాని, లోపల మాత్రం కంచె కొట్టి నా పేరు బోర్డు పెడితే ఎట్లా ఉంటుందో అని ఆలోచించాను.

గుంత గోడ ఫొటోలు తీసి మేడంకు పంపాను. కింద ‘మొరం’, ‘అగ్నిపర్వతపు బూడిద’, ‘ప్రాచీన సరస్సు’ అని బాణం గుర్తులు కూడా వేశాను. ఒక రోజంతా జవాబు లేదు. ఆ ఒక్క రోజు నాకు భూగర్భ కాలమంటే ఏమిటో తెలిసొచ్చింది. మర్నాడు పొద్దున ‘ఆదివారం వస్తాను. గోడను ముట్టుకోవద్దు’ అని వచ్చింది. ముట్టుకోవద్దు అన్న మాట నేను నిష్ఠగా పాటించాను. మామకు కూడా చెప్పాను. కానీ ఏం చెప్పాను? పెద్ద మేడం వస్తున్నారు మామా, గోడ చూడ్డానికి యూనివర్సిటీ నుంచి వస్తున్నారు, ఆవిడ మెచ్చితేనే నా చదువు నిలుస్తుంది అని. ముట్టుకోవద్దన్న మాట ఈ సంబరంలో ఎక్కడో కింద పడిపోయింది.

ఆదివారం వచ్చింది. ఆర్మూర్ బస్టాండులో మేడంను దింపుకొని, నేనూ నాన్నా ఆటోలో పొలానికి తీసుకుపోయాం. మా మేడం యాభై దాటిన సన్నటి మనిషి, నెత్తిన గుడ్డ టోపీ, కాళ్లకు పాత బూట్లు, ఎక్కువ మాట్లాడరు. దారి పొడవునా నేనే మాట్లాడాను. గట్టు దగ్గర మామ కొత్త తువ్వాల భుజాన వేసుకొని నిలబడి దండం పెట్టాడు. మా అత్తమ్మ, అంటే మామ భార్య, రాగి చెంబుతో నీళ్లిచ్చింది. ఇద్దరి మొహాలూ పండగ పూట ఉన్నట్టు ఉన్నాయి. మేడం గట్టు అంచుకు పోయి కిందికి చూశారు. నేనూ చూశాను.

గోడ లేదు. అంటే గోడ ఉంది, కానీ నా గోడ లేదు. ఇంటికి పెద్దమనిషి వస్తే వాకిలి ఎట్లా ఉంచుతారో ఆ గోడ అట్లా ఉంది. మామ తెల్లారక ముందే లేచి, పెళ్లలు వేలాడుతున్న చోటల్లా పారతో చెక్కి చదును చేశాడు. అత్తమ్మ ఎర్రమట్టి, పేడ కలిపి పై నుంచి కింది దాకా నున్నగా అలికింది. నడుమ ముగ్గు వేసింది, చిన్నదేం కాదు, తామరపువ్వుల ముగ్గు. అంచుకు సున్నంతో తెల్లటి పట్టీ. మా వైపు ఇంటికి మనిషి వస్తున్నాడంటే అలకకుండా ఉంచడమంటే ఆ మనిషిని లెక్కచెయ్యనట్టే. అందులోనూ మేడం వస్తున్నది గోడ కోసమే అని నేనే చెప్పి ఉన్నాను, ఇంక ఆ గోడను ఎట్లా వదిలేస్తారు? తరువాత ఆలోచిస్తే తెలిసింది, చరిత్ర తుడిచిపెట్టుకుపోవడం ఎట్లాగో ఇంతకంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ చూపలేదు. మామ చేసింది కోత. అత్తమ్మ వేసింది కొత్త పొర. ఆ రెంటికీ నడుమ నా ప్రాజెక్టు కొట్టుకుపోయింది.

మేడం చాలాసేపు చూశారు. తరువాత నా వైపు తిరిగి, ‘నువ్వు పంపిన ఫొటోలో ముగ్గు లేదే’ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నాన్న ఆకాశం వంక చూశాడు. అత్తమ్మ మాత్రం ముగ్గు మేడం కంట పడిందని సంతోషించి, ఇంకా పెద్దది వేసేదాన్ని, పిండి సరిపోలేదని చెప్పింది. మేడం చిన్నగా నవ్వి, బాగుందమ్మా అన్నారు. ఆ తరువాత గుంతలోకి దిగి, పార అడిగి, ముగ్గుకు తగలకుండా పక్కగా ఒక మనిషి వెడల్పున అలుకు గీకేశారు. మళ్లీ నా పొరలు బయటపడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం ఎక్కువసేపు నిలవలేదు. మేడం బూడిద పొరలో వేలు పెట్టి, కొంచెం తీసి నలిపి వాసన చూశారు. తరువాత కత్తి మొనతో లోపల్నుంచి నల్లటి ముక్కొకటి లాగారు, సగం కాలిన పత్తికట్టె. దాని వెనకే, బొగ్గైపోయి, అల్లిక మాత్రం ఇంకా చెదరని గుడ్డపీలిక ఒకటి. ఆవిడ దాన్ని చేతిలో పెట్టుకొని పైకి చూశారు. నాన్న చెప్పుల్లేకుండా గుంతలోకి దిగి వచ్చి, ఆ పీలికను రెండు వేళ్ల మధ్య పట్టి చూశాడు. గోనె విషయంలో ఆయన మాట తప్పదు.

‘గిది మన దుకాణంలదే,’ అన్నాడు. ‘పసుపు ఉడికేటప్పుడు కడాయి మీద కప్పుతరు గద, గా పట్టనే.’

ఆరున్నర కోట్ల ఏళ్ల అగ్నిపర్వతం మా నాన్న దుకాణం గోనెపట్ట కప్పుకొని బయటపడింది. ఇంక మిగతాది మామే చెప్పాడు. ఆవిరి మిషన్లు రాకముందు ఆ మూలనే పొయ్యి తవ్వి, ఏటేటా పసుపు కొమ్ములు అక్కడే ఉడకబెట్టేవాళ్లు. పక్కనే ఒక ఒర్రె, అంటే వాననీళ్లు పారే చిన్న కాలువ, ఉండేది. పొయ్యి బూడిద, ఉడికిన కొమ్ముల పొట్టు అన్నీ అందులోనే పోసేవాళ్లు. పసుపుపచ్చటి చారలు ఆ పొట్టువే. ఇక ప్రాచీన సరస్సు అంటారా, అది వాళ్లూరి చెరువు. పూడిక తీసిన ఏడాది ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో తోలించి పొలమంతా పరిచాడు, నత్తగుల్లలు దాంతోపాటే వచ్చాయి. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు మామా అని నేను ఏడుపుగొంతుతో అడిగితే, ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ‘నువ్వు అడగలే గద బిడ్డ. కోట్ల ఏండ్లదని చెప్తివి. సదువుకున్నదానివి, మన బూడిదే గట్ల అయిందేమో అని నేను గూడ నమ్మిన,’ అన్నాడు. మేడం అటు తిరిగి నిలబడ్డారు. ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను. దగ్గుతున్నారని ఆ రోజు అనుకున్నాను.

అంతటితో పోయేదే. నేను అప్పటికే మనసులో దుకాణంలో కూర్చొని సంచులు లెక్కపెడుతున్నాను. కానీ మేడం మళ్లీ గోడ వైపు తిరిగి, రెండు బూడిద పొరల నడుమనున్న ఎర్రమట్టి పట్టీ దగ్గర ఆగిపోయారు. కింది బూడిద పైభాగం తిన్నగా లేదు, వాననీళ్లు కోసినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. ఆ గుంతల్లో ఎర్రమట్టి చేరింది. దాని మీద మళ్లీ బూడిద తిన్నగా మొదలైంది. ఇక్కడ కొన్నేళ్లు పొయ్యి వెలగలేదు కదండీ అని మామను అడిగారు. మామ తువ్వాల భుజం మార్చుకున్నాడు. బోర్లు ఎండిపోయి పసుపు దెబ్బతిన్నాక మస్కట్ పోయానని, వచ్చేదాకా పొలం పడావు పడ్డదని, బీడు మీద పడ్డ వాన ఒర్రెలో ఉన్న బూడిద కొంత కోసుకుపోయి ఉంటుందని చెప్పాడు. ‘గా ఏండ్లల్ల ఈడ ఏం లేదు మేడం,’ అన్నాడు చివరికి.

గట్టు మీద చెంబు పట్టుకొని నిలబడ్డ అత్తమ్మ ఆ మాటకు ఒక అడుగు ముందుకు వచ్చింది.

‘ఏం లేదంటవేంది,’ అంది మామతో. తరువాత మేడం వైపు చూసి, ‘నేనున్న గద. ఇద్దరు పిల్లల్ని సాదిన. అత్తను పట్టుకొని దవాఖానల పొంట తిరిగిన. పొద్దు మాపు బీడీలు చేసిన. అవి మట్టిల పడయి గద మేడం, గందుకే కనవడ్తలేవు,’ అంది.

కోపంగా అనలేదు. ముగ్గు పిండి సరిపోలేదని చెప్పిన గొంతే అది. మేడం టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నిజమే, అవి మట్టిలో పడవమ్మా అన్నారు, అంతే. ఆ ఏళ్లలో బడి సెలవులన్నీ నేను వాళ్లింట్లోనే గడిపాను. అరుగు మీద కూర్చొని ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు చుట్టి, దారం బిగించే ఆమె వేళ్లు నాకు గుర్తే. ఆ వేళ్లు ఆగకుండానే మాకు అన్నం ఎప్పుడు పెట్టేదో తెలియదు. ఆ కాలాన్ని నేను ప్రాజెక్టు కాగితంలో ‘ఇక్కడ ఏమీ జరగలేదు’ అని రాయబోయాను. పొర లేకపోతే ఆ కాలమే లేనట్టు మాట్లాడటం మా చదువులో సులువుగా అలవాటయ్యే జబ్బు. మధ్యలో పోయిన ఆ కోట్ల ఏళ్లలోనూ వానలు పడ్డాయి, కొండలు లేచాయి, ఏర్లు పారాయి. నిలిచి ఉన్న మట్టి లేదు గనుక మాకు కనపడవు.

మధ్యాహ్నం మామ ఇంట్లో అందరం తిన్నాం. మేడం సర్వపిండి రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. తింటూ తింటూ, నీ ప్రాజెక్టు ఇది కాదులే అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆవిడ ఆగి, వయసు లెక్కలో కోట్లు తప్పావు గాని గీత మాత్రం సరైన చోటే పట్టావు, ఆ చూపు ఉంటే చాలు అన్నారు. నువ్వు అనుకున్నది నిజంగానే ఉంది, మీ జిల్లా దాటీ దాటకముందే ఉంది, బోధన్ దాటి మంజీర అవతలికి పోతే గ్రానైటు మీద లావా నల్లరాయి కూర్చున్న చోట్లున్నాయి, వాగుల గట్ల వెంట తిరిగి ఆ హద్దు గీసుకురా, ప్రాజెక్టు దాని మీద రాద్దువు అన్నారు. బస్సులో పొద్దున పోయి మాపటికి రావచ్చు, ఎప్పుడన్నా ఒక రాత్రి అక్కడ ఆగాల్సి వస్తుంది. ఆ ఆఖరి మాటకు నాన్న ముద్ద కలపడం ఆపాడు. అంత దూరం, తెలియని వాగుల వెంట, ఒక్క ఆడపిల్ల. ఆయన మొహంలో వద్దన్న మాట తయారవుతుండటం నాకు కనిపిస్తున్నది. నా చదువు ఆ ముద్ద దగ్గర ఆగి ఉంది.

‘నేను పోత అన్నయ్యా దాని వెంబడి,’ అంది అత్తమ్మ, వడ్డిస్తూనే.

ఇంట్లో ఎట్లా అని మామ అడగబోయాడు. ఆమె ఆయన పళ్లెంలో కూర వేసి, ‘ఇంట్ల నువ్వున్నవ్ గద. నువ్వు మస్కట్ల ఉన్నన్ని దినాలు నేనుంటి,’ అంది. మామ కూర కలుపుకున్నాడు. నాన్న అట్లయితే సరేనని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మా ఇంట్లో అంత పెద్ద నిర్ణయం అంత తక్కువ మాటల్లో ఎప్పుడూ జరగలేదు.

ఆ చలికాలమంతా నేనూ అత్తమ్మా బస్సులు మారి తిరిగాం. నా చేతిలో సుత్తె, ఆమె చేతిలో సద్ది గిన్నెల సంచీ. చూసినవాళ్లు మమ్మల్ని మందులు అమ్మేవాళ్లనుకునేవాళ్లు. ఒకరోజు ఒక వాగు కోతలో, చూస్తూ చూస్తూ ఉండగా, అసలైనది దొరికింది. కింద లేత ఎరుపు గ్రానైటు, పైన నల్లటి లావారాయి, నడుమ చారెడు పుచ్చిన మట్టి. ఈసారి గోనెపట్ట లేదు, నేను ముందు దానికోసమే వెతికాను. అత్తమ్మ ఒక చెయ్యి కింది రాయి మీద, ఒక చెయ్యి పై రాయి మీద పెట్టి, ఈ నడుమ ఎన్నేండ్లు పోయాయని అడిగింది. చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. పాపం అంది, మనిషి గురించి అన్నట్టు. తరువాత కింది రాయి మీద కూర్చొని, పై రాయికి వీపు ఆనించి, రొట్టెలు విప్పింది.

ప్రాజెక్టు పూర్తయింది, డిగ్రీ వచ్చింది, ఇప్పుడు నేనూ పిల్లలకు ఆ పాఠమే చెబుతున్నాను. పొరలు ఎందుకు లేవంటే పడకపోవడం ఒక కారణం, పడ్డది పోవడం ఇంకో కారణం అని బోర్డు మీద రాస్తాను, పిల్లలు రాసుకుంటారు. ఆ పాఠం చెప్పిన రోజున మాత్రం నాకు తిరుగు ప్రయాణాల బస్సు గుర్తొస్తుంది. ఆ చలికాలం సాయంత్రాలు అత్తమ్మను ఆ మస్కట్ ఏళ్ల గురించి అడుగుతూ వచ్చేదాన్ని. అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. మొదట్లో నవ్వేది, తరువాత తరువాత చెప్పడం మొదలుపెట్టింది, వరస లేకుండా, జ్ఞాపకం వచ్చినట్టు. పిల్లవాడికి జ్వరం వచ్చిన ఏడు, కప్పు కురిసిన ఏడు, చేసిన బీడీల్లో సగం కార్ఖానావాళ్లు తిరగగొట్టిన ఏడు. నేను మనసులో పొరలు పేర్చుకుంటూ పోయేదాన్ని. ఒక చోట వరస తెగింది. ఆ తరువాత ఏడు ఏం చేశావు అత్తమ్మా అని అడిగాను. ఆమె కిటికీ బయటికి చూసింది. ‘గా ఏడు యాదికి వస్తలేదు బిడ్డ,’ అంది. ‘ఏదో చేసే ఉంట.’

కోట్ల ఏళ్ల లెక్క వేళ్ల మీద చెప్పే నేను ఆ ఒక్క ఏడాది చోటును మనసులో ఖాళీగానే ఉంచాను. ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. సుత్తె గుచ్చుకుంటుందేమోనని సంచీని మెల్లగా రెండో పక్కకు జరిపి, ఆర్మూర్ వచ్చేదాకా కదలకుండా కూర్చున్న ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటాను.